ఇల్లాలి వృత్తి: లేదు

రిటైరయ్యాక పాత విద్యార్థులు సన్మానాలు చేస్తారు. శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న అడుగుతారు: "మేడమ్, మీరు సోషియాలజీనే ఎందుకు ఎంచుకున్నారు?" సమాజం మీద ప్రేమ అనో, చిన్ననాటి కల అనో అంటానని ఎదురుచూస్తుంటారు. నిజం చెబితే ఫొటోగ్రాఫరు కూడా కెమెరా దించేస్తాడు. నేను దాన్ని ఎంచుకోలేదు. ఒక తప్పు చేసి పట్టుబడ్డాను. దిద్దుకు రమ్మని పంపించారు. అలా వెళ్ళినదాన్ని మళ్ళీ వెనక్కి రాలేదు, అంతే.

సభల్లో ఇదంతా చెప్పడానికి టైము ఇవ్వరు. అందుకని ఇక్కడ తీరిగ్గా చెబుతాను. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదివితే చాలు.

మాది నేత కుటుంబం. మచిలీపట్నం వైపు ఒక ఊళ్ళో మా నాన్నకు మగ్గం ఉండేది. నేత మీద ఇల్లు గడవక నేను హైస్కూల్లో ఉండగా విజయవాడ వచ్చి బట్టల కొట్లో సేల్స్‌మన్‌గా చేరారు. భవానీపురంలో అద్దెకుండేవాళ్ళం. బీకాం అయ్యాక నేను బ్యాంకు పరీక్షలు రాస్తూ, ఖాళీగా ఉన్నానన్న మాట పడకూడదని టైపు నేర్చుకున్నాను. తెలుగు టైపు హయ్యరు ఫస్టు క్లాసులో పాసయ్యాను. బ్యాంకులు మాత్రం ఒక్కసారి కూడా నన్ను పాస్ చెయ్యలేదు. నాకు లెక్కలు రాక కాదు. పరీక్ష హాల్లో గోడ గడియారం కనబడితే చెయ్యి కదిలేది కాదు.

టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు ఒకరోజు పిలిచారు.

"బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రొఫెసరు గారికి తెలుగు టైపిస్టు కావాలిట. మూడు నెలలే. వెళ్తావా అమ్మాయ్?"

"ఏం పనండీ?"

"ఏముందీ, ఫ్యాను కింద కూర్చుని టైపు కొట్టుకోవడమే."

నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఎవరైనా నాకిచ్చిన సమాచారంలో అంత తప్పుడుది మరొకటి లేదు.

ఆఫీసు అంటే ఒక ఫర్నిచర్ షాపు పైన రెండు గదులు. కింద నుంచి కొత్త మంచాల వార్నిష్ వాసన వచ్చేది, పైన పాత కాగితాల వాసన ఉండేది. ప్రొఫెసరు గారు యూనివర్సిటీలో రిటైరై ఆ చిన్న పరిశోధన కేంద్రం పెట్టుకున్నారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆలోచన తడితే కుర్చీలోంచి లేచేవారు. ఆలోచన మంచిదైతే మెట్లు దిగి, రోడ్డు దాటి, టీ తాగి వచ్చేవారు. టీలు ఎక్కువైన రోజు పని బాగా సాగిందని మేం లెక్కేసేవాళ్ళం.

మేం అంటే నేనూ, ఇన్వెస్టిగేటరూ. ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగి ఫారాలు నింపుకొచ్చే మనిషిని అలా అంటారు. పోలీసు ఉద్యోగంలా వినిపించే ఆ మాటంటే అతనికి చాలా ఇష్టం. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, ఎమ్మే చదివాడు, ఒక మోపెడ్ ఉంది. మే నెల ఎండలో సందులన్నీ తిరిగొచ్చినా చొక్కా ఇస్త్రీ నలిగేది కాదు. నాకు అతని మీద మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

మా పరిశోధన విషయం చెబుతాను. చుట్టుపక్కల నేత ఊళ్ళ నుంచి విజయవాడ వచ్చేసిన కుటుంబాలు ఇక్కడ ఎలా బతుకుతున్నాయి? భవానీపురం శివార్లలో అప్పట్లో రేకుల ఇళ్ళ సందులు ఉండేవి. మట్టి నేల కాబట్టి మగ్గం కింద కాళ్ళు దించుకునే గుంట తవ్వుకుంటామంటే ఇంటి ఓనర్లు అడ్డుచెప్పేవారు కాదు. కొందరు మగ్గం వెంట తెచ్చుకున్నారు, కొందరు మానేసి వేరే పనుల్లో కుదురుకున్నారు. అలాంటి నలభై ఇళ్ళ ఫారాలు ఇన్వెస్టిగేటరు చేతిరాతతో నింపి తెస్తే, నేను శుభ్రంగా టైపు చెయ్యాలి.

ఫారంలో పద్నాలుగో గడి 'ఇల్లాలి వృత్తి'. మొదటి ఫారంలో అక్కడ 'లేదు' అని ఉంది. రెండోదాంట్లో 'లేదు'. మూడోదీ, నాలుగోదీ అంతే. పదో ఫారానికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది.

మా అమ్మ కళ్ళ ముందు మెదిలింది. మా ఊళ్ళో ఉన్నప్పుడు పొద్దున్న లేస్తే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే ఆ నూలు కండెలు లేనిదే మగ్గం మీద మగవాడు ఒక్క జానెడు నెయ్యలేడు. కొత్త పడుగు వస్తే, దాని పోగుల్ని పాత పోగులకు ఒక్కొక్కటే మెలిపెట్టి కలపడం కూడా ఆవిడ పనే. ఆ పని చేసి చేసి ఆవిడ చూపుడు వేలు చర్మం గట్టిపడిపోయింది. వృత్తి లేదా? ఇతగాడు గుమ్మంలో మోపెడ్ ఆపి, లోపలికైనా తొంగిచూడకుండా 'లేదు' గీకేస్తున్నాడని తీర్మానించుకున్నాను.

పదకొండో ఫారంలో 'లేదు' అన్నచోట 'కండెలు చుట్టుట' అని టైపు చేశాను.

చేసేశాక చుట్టూ చూశాను. ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ప్రొఫెసరు గారు టీకి వెళ్ళారు. పన్నెండోది కూడా మార్చాను. ఆ తర్వాత వెనక్కి వెళ్ళి మొదటి పదీ మళ్ళీ కొత్తగా కొట్టాను. మగ్గం ఉందని రాసిన ప్రతి ఇంట్లోనూ ఇల్లాలికి నేనే ఉద్యోగం ఇచ్చేశాను. బ్యాంకు నాకు ఇవ్వలేదు గానీ, నేను మాత్రం ఒక్క వారంలో పాతికమందికి పైగా ఇచ్చాను.

టైపు చేసిన కట్ట చదివి ప్రొఫెసరు గారు ఒకే పూట మూడు టీలు తాగారు. మూడోసారి పైకి వస్తూనే ఇన్వెస్టిగేటరు భుజం తట్టారు.

"నాయనా, ఆడవాళ్ళ పని ఇంత బాగా పట్టుకున్న ఫారాలు నేనింతవరకూ చూడలేదు. ఎలా అడిగావయ్యా?"

ఇన్వెస్టిగేటరు ముఖం చూడాల్సింది. కాదనడానికి నోరు తెరిచాడు, పొగడ్త తియ్యగా ఉన్నట్టుంది, మూసేశాడు. "ఏదో, మామూలుగానే అడిగానండీ" అన్నాడు. సాయంత్రం కింద బండి దగ్గర నాకు పునుగులు కొనిపెట్టి, "ఏమండీ, నా రాత మీకు సరిగ్గానే అర్థమవుతోందా?" అని ఆరా తీశాడు. "ముత్యాల్లా ఉంటుంది" అన్నాను. ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ పునుగులు తిన్నాం.

ఈ ఆనందం పది రోజులు సాగింది. అధ్యయనానికి నిధులిచ్చే ఆఫీసు నుంచి ఒక అధికారి పని చూడ్డానికి వస్తున్నారని ఉత్తరం వచ్చింది. ఆయనకు చూపించడానికి ప్రొఫెసరు గారు అసలు ఫారాలు కూడా బయటికి తీయించారు. టైపు కాగితం ఎడమ చేతిలో, చేతిరాత ఫారం కుడి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత కూర్చున్నారు. ఆయన కూర్చోవడం చూసి నాకు భయం వేసింది.

"ఇద్దరూ ఇలా రండి. ఇక్కడ 'లేదు' అని ఉంది. ఇక్కడ 'కండెలు చుట్టుట' అని ఉంది. ఏది నిజం?"

"నేను 'లేదు' అనే రాశానండీ" అన్నాడు ఇన్వెస్టిగేటరు. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ఆరోజు మెచ్చుకుంటే ఎందుకూరుకున్నావు?"

"మీరు అంత సంతోషంగా ఉంటే... ఎలా చెప్పాలో తెలియలేదండీ."

"ఫారాలు ఇంట్లో కూర్చుని నింపావా?"

"లేదండీ! ప్రతి ఇంటికీ వెళ్ళాను. అమ్మతోడు."

అతని ఉద్యోగం నా నోట్లో ఉందని అప్పుడు తెలిసింది నాకు.

"నేను మార్చానండీ" అన్నాను. "అతను లోపల చూడకుండా రాశాడు. నేత ఇంట్లో ఆడవాళ్ళకి పని లేకపోవడమేంటండీ? మా అమ్మ చేసేది. నాకు తెలుసు."

ప్రొఫెసరు గారు కోప్పడతారనుకున్నాను. ఆయన నెమ్మదిగా అడిగారు:

"ఈ ఇళ్ళన్నిట్లోనూ మీ అమ్మగారే ఉన్నారా?"

నా కళ్ళు టైపు కాగితం మీదికి వెళ్ళాయి.

"అతను చూడకుండా రాశాడన్నావు. నువ్వు వెళ్ళకుండా రాశావు. ఇద్దర్లో ఎవరు నయం?" ఫారాల కట్ట నా వైపు తోశారు. "వెళ్ళి అడుగు. అన్ని ఇళ్ళూ. అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళు. తిరిగొచ్చాక నిన్ను ఉంచాలో పంపాలో చూద్దాం."

మర్నాడు పొద్దున్నే మోపెడ్ వెనక కూర్చుని బయల్దేరాను. భవానీపురం చేరేదాకా ఇద్దరి మధ్యా మాట లేదు.

మొదటి ఇంట్లో ఇల్లాలు గుమ్మం పక్కనే రాట్నం ముందు కూర్చుని ఉంది. ఒక చెయ్యి చక్రం తిప్పుతోంది, రెండో చేతివేళ్ళ మధ్య నుంచి నూలు జారిపోతోంది. పక్కన గిన్నెలో కండెలు. నేను గర్వంగా ఇన్వెస్టిగేటరు వైపు చూసి, ఫారం తీసి అడిగాను.

"మీరేం పని చేస్తారండీ?"

"నాకేం పనమ్మా, ఇంట్లోనే. ఖాళీయే" అందావిడ, చక్రం తిప్పుతూనే.

అందులో కపటం ఏమీ లేదు. ఆవిడ అలాగే అనుకుంటోంది. రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంటావిడ పోగులు మెలిపెడుతూ, "ఆయనకి పని ఉంటే మనకున్నట్టేగా!" అని నవ్వింది. ఇన్వెస్టిగేటరు అబద్ధం రాయలేదు. వాళ్ళేం చెప్పారో అదే అక్షరం పొల్లుపోకుండా రాశాడు.

సందు చివర ఆగి అతనికి క్షమాపణ చెప్పాను. అతను మోపెడ్ అద్దం తుడుచుకుంటూ, "నేనూ కళ్ళారా చూశానండీ, ఆ రాట్నాలు. కానీ గడిలో ఏం చెబితే అది రాయమన్నారు కదా అని..." అని ఆగి, "చూసింది రాయడానికి గడి లేదు" అన్నాడు. ఆ చొక్కా ఇస్త్రీ సంగతి కూడా అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం ఇంటికెళ్ళి మార్చుకునేవాడట. నలిగిన చొక్కాతో వెళ్తే జనం అప్పడాలు అమ్మేవాడనుకుని తలుపు వేసేస్తున్నారట.

ఇద్దరం ఆలోచించి ప్రశ్న మార్చాం. ఏం పని చేస్తారని అడగడం మానేశాం. "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పండి" అన్నాం. ఇక చూడండి! రెండు నిమిషాల్లో అయ్యే ఫారం గంటయినా తెమిలేది కాదు. పంపు నీళ్ళు పట్టిన దగ్గర మొదలై కండెలూ, పోగులూ, మగ్గం సామాను సర్దడమూ, నేసిన బట్ట మడత పెట్టడమూ వరసగా వచ్చేవి. ఒకావిడ మధ్యలో ఆగి, "అమ్మో, ఇంత చేశానా!" అని తనే ఆశ్చర్యపోయింది.

నా టైపు కూడా తప్పని తేలుతూ వచ్చింది. ఒక ఇంట్లో ఇల్లాలు కండెలు ఎన్నడూ ముట్టలేదు, మగ్గం మీద చీరలు నేసేదే ఆవిడ. మరో ఇంట్లో మగ్గం మూలకి చేరి ఏడాదయింది, దాని మీద ఉల్లిపాయలు ఆరబోశారు. మా అమ్మ అన్ని ఇళ్ళలోనూ లేదని ప్రతి సందులోనూ ఒకరు నాకు గుర్తుచేస్తూనే ఉన్నారు.

ఇక ఒక ఇల్లు మిగిలింది. ముందే ఒక మాట. ఇన్నేళ్ళూ ఆ ఇంటి సంగతి నేనెక్కడా రాయలేదు. ఈ మధ్య ఆ ఇల్లాలిని కలిసి అడిగితే, "ఇప్పుడెవరికి పట్టిందండీ, రాసుకోండి. పేరు మాత్రం వద్దు" అంది. అందుకే రాస్తున్నాను.

మేం రెండుసార్లు వెళ్ళినా ఇల్లాలు లేదు. భర్త ఒక్కడే ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, నడుముకు బెల్టు పెట్టుకున్నాడు. మా అడుగుల చప్పుడు వినగానే లోపల ఏదో జరిపిన శబ్దం. గుమ్మంలోంచి చూస్తే తలుపు వెనక రాట్నం చక్రం అంచు కనబడుతోంది, ఆయన లుంగీకి నూలు పీచు అంటుకుని ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

"చుట్టాలింటికి వెళ్ళిందండీ" అన్నాడు రెండుసార్లూ.

మూడోసారి ఆదివారం వెళ్ళాం. ఆవిడ ఉంది. భర్త ముందు "నాకేం పనండీ" అనేసి, మమ్మల్ని సాగనంపే నెపంతో సందు మలుపు దాకా వచ్చింది. ఇన్వెస్టిగేటరును ముందుకు నడవనిచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మీరు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆయన అన్నం సరిగ్గా తినట్లేదమ్మా. నేనే చెప్పేస్తా వినండి. నేను ఆటోనగర్లో లారీ సీట్లకి కవర్లు కుడతాను. రెగ్జిను మిషను. ఆ షెడ్డులో ఆడమనిషిని నేనొక్కదాన్నే."

"మరి మీ ఆయన?"

"మగ్గం గుంటలో కూర్చుంటే లేవలేడు, నడుం పోయింది. వంటా ఆయనే, కండెలూ ఆయనే. పక్కింటి మగ్గాలకి చుట్టిస్తాడు. నాకంటే బాగా చుడతాడమ్మా, ఒక్క పోగు తెగదు." గొంతు తగ్గించింది. "ఊళ్ళో మా అత్తగారికి తెలీదు. ఆయన అన్నదమ్ములకి తెలీదు. తెలిస్తే ఆయన్ని మాటలతో చంపేస్తారు. రాయొద్దు."

"పేర్లు రాయమండీ. నంబరు ఒక్కటే ఉంటుంది."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఈ సందులో నడుం పోయినాయన ఇంకొకడున్నాడా అమ్మా?"

రాయనని మాటిచ్చాను.

మోపెడ్ మీద తిరిగొస్తూంటే మాత్రం మనసు రెండుగా చీలింది. మొత్తం అధ్యయనంలో అంత విలువైన సమాచారం మరొకటి లేదు. అది చెబితే ప్రొఫెసరు గారు రోజంతా టీలు తాగుతారు, నా ఉద్యోగం నిలుస్తుంది. అధికారి వచ్చేది మర్నాడే.

పొద్దున్నే ఫారాలు ప్రొఫెసరు గారి బల్ల మీద పెట్టాను. ఆ ఒక్కదాంట్లో పద్నాలుగో గడి ఖాళీ.

"ఇదేమిటి? తెలియలేదా?"

"తెలిసిందండీ. రాయొద్దన్నారు. రాయనని చెప్పాను."

"నాకు చెప్పచ్చు కదా."

నేను తల దించుకున్నాను. ఆయన ఫారం పక్కన పెట్టి, "వద్దులే, నాక్కూడా చెప్పకు" అన్నారు. తర్వాత, "తెలియదు అని మాత్రం రాయకు. అది అబద్ధం. ఖాళీగానే ఉంచు" అన్నారు.

అధికారి పదకొండింటికి వచ్చారు. మంచి మనిషే, కానీ పట్టికలంటే మహా ప్రీతి. వేలితో గడులన్నీ తడుముతూ వచ్చి సరిగ్గా అక్కడ ఆగారు.

"ఈ ఖాళీ ఏమిటండీ?"

ప్రొఫెసరు గారు నా వైపు చూపించారు. "ఆ ఇంటికి వెళ్ళింది ఆవిడ. అడగండి."

కుర్చీలోంచి లేచాను. ఎదురుగా గోడ మీద గడియారం ఉంది.

"ఆవిడ రాయొద్దన్నారండీ."

"మీకు తెలుసా?"

"తెలుసండీ."

"మరి చెప్పండి, మనలో మనమేగా."

"చెప్పనండీ."

ఆయన ప్రొఫెసరు గారి వైపు తిరిగారు. "ఏమిటండీ ఇది? టైపిస్టు గారు చెప్పనంటారు, మీరు నవ్వుతారు! పట్టిక పూర్తి కాకుండా రెండో విడత నిధులకి నేనెలా సిఫార్సు చెయ్యను?"

"ఆవిడ టైపిస్టు కాదండీ. మా ఇన్వెస్టిగేటరు" అన్నారు ప్రొఫెసరు గారు. ఆ ప్రమోషను అక్కడికక్కడే పుట్టింది. టైపింగు పని కూడా నాకే ఉండిపోయిందని తర్వాత తెలిసింది.

అధికారి సిఫార్సు చెయ్యలేదు. రెండో విడత రాలేదు. ఇదంతా కథ అయితే ఆయన మనసు మారేది. నెల తిరిగేసరికి రెండు గదుల్లో ఒకటి ఖాళీ చేశాం. ఇన్వెస్టిగేటరు మందుల కంపెనీలో చేరి, అక్కడ ఇస్త్రీ చొక్కాకు తగిన గౌరవం సంపాదించుకున్నాడు. వెళ్ళేరోజు పునుగులు తినిపిస్తూ, "మీరు చెప్పేసి ఉంటే నేను మీతో మాట్లాడేవాణ్ణి కాదండీ" అన్నాడు.

నేను మాత్రం ప్రొఫెసరు గారి ముందు నిలబడి ఏడ్చేశాను.

"నావల్లే ప్రాజెక్టు పోయింది సార్."

"పోతే పోయింది. ఆ సందులోకి రేపు నువ్వు తలెత్తుకుని వెళ్ళగలవా, లేదా?"

"వెళ్ళగలను."

"నేను ముప్పై ఏళ్ళు ఈ పని చేశాను. నేను మళ్ళీ వెళ్ళలేని ఊళ్ళు రెండున్నాయి" అన్నారాయన. ఏ ఊళ్ళో, ఏం జరిగిందో చెప్పలేదు. మెట్లు దిగి వెళ్ళారు. ఆ సాయంత్రం టీ తాగకుండానే తిరిగొచ్చారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను ఆ ఇంటికి వెళ్ళాను. చేతిలో ఫారం లేదు, పక్కన మోపెడ్ లేదు, వెళ్ళడానికి కారణం కూడా ఏమీ లేదు. ఆవిడ షెడ్డుకి వెళ్ళిందని తెలుసు. గుమ్మంలో నా చెప్పుల చప్పుడు విని ఆయన తల ఎత్తాడు. రాట్నం ఆయన ముందే ఉంది. ఒక్క క్షణం చక్రం ఆగింది. రాయనని నేనిచ్చిన మాట ఆవిడ చెప్పే ఉంటుంది.

"ఆటోనగర్ నుంచి వచ్చేసరికి ఆరవుతుందండీ" అన్నాడు. "ఎండన పడి వచ్చారు. కూర్చోండి."

మళ్ళీ చక్రం తిప్పడం మొదలెట్టాడు. నేను గోడకానుకుని కూర్చుని చూశాను. ఆవిడ చెప్పింది నిజమే, ఒక్క పోగు తెగలేదు. ఆ మర్నాడు నా బ్యాంకు పరీక్షల పుస్తకాలు పక్కింటి అమ్మాయికిచ్చేసి, సోషియాలజీ ఎమ్మేకి అప్లికేషను తెచ్చుకున్నాను.